ఒంటినిండా కళ్లు

శాలువా కప్పారు, సంతోషం. 'దార్శనిక చిత్రకళలో మత చిహ్నాలు' అని ఆహ్వానపత్రంలో వేశారు. కన్ను, పాము, మండలం, ఈ మూడింటి గురించి చెబుతానని మాటిచ్చాను. కన్నుతో మొదలుపెడతాను.

బాబూ, ఒక్క నిమిషం. ఆ సరస్వతీదేవి పటానికి వేసిన దండ అమ్మవారి కళ్లకు అడ్డం వచ్చింది. కాస్త కిందికి జరుపు. ఆఁ, అదీ.

మా అమ్మమ్మ దేవుడి గూట్లో విశ్వరూపం పటం ఉండేది. బజార్లో దొరికే అచ్చుబొమ్మే. రోజూ అద్దం తుడిచి, ఎన్ని తలలుంటే అన్ని నుదుళ్లకూ గంధం బొట్టు పెట్టేది. చాలా ఏళ్ల తర్వాత హైదరాబాదులో ఒక స్నేహితుడింట్లో గ్రామఫోన్ రికార్డు అట్ట మీద అలాంటి పటమే కనబడింది. నా చెయ్యి దానంతటదే చెంపల మీదికి పోయింది. తీరా చూస్తే నడిమి ముఖం స్వామిది కాదు, గిటారు వాయించే జిమీ హెండ్రిక్స్‌ది. 1967లో వచ్చిన 'యాక్సిస్: బోల్డ్ యాజ్ లవ్' అది. మన విరాట్పురుషుడి పటంలో హెండ్రిక్స్‌నీ, జట్టులోని మిగతా ఇద్దరినీ కలిపి వేశారు. దానికి బదులు తన వంశంలోని అమెరికా ఆదివాసుల గుర్తేదైనా ఉంటే బాగుండేదని ఆయన తర్వాత అన్నాడు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. ఎవరి దేవుడి గూడు వాళ్లకుంటుంది కదా.

నాకూ చాలా రోజులు మనసు కష్టంగానే ఉంది. తర్వాత ఇలాంటి రూపాలూ, వాటి కళ్లూ ఇంకెక్కడెక్కడ ఉన్నాయో వెతకడం మొదలుపెట్టాను. మన ఇంద్రుడు సహస్రాక్షుడు. బౌద్ధుల అవలోకితేశ్వరుడికి వెయ్యి చేతులు, అరచేతికొక కన్ను. బైబిల్లో యెహెజ్కేలు చూసిన చక్రాల అంచుల నిండా కళ్లే. పన్నెండో శతాబ్దంలో జర్మనీ సన్యాసిని హిల్డెగార్డ్ తన దర్శనంలో, కొండ అడుగున ఒంటినిండా కళ్లున్న ఆకారాన్ని చూసింది. మెక్సికో హుయిచోల్ ప్రజలు పుల్లల శిలువకు రంగు నూలు చుట్టి దేవుడి కన్ను చేస్తారు. చెక్కకు తేనెమైనం పట్టించి, నూలుపోగును బొటనవేలితో ఒత్తి ఒత్తి, పెయోటీ అనే మత్తు మొక్క తిన్నప్పటి దర్శనాలను బొమ్మ కడతారు. మన కాలంలో అమెరికా చిత్రకారుడు అలెక్స్ గ్రే గీసిన దేహాల చుట్టూ కళ్ల వల అల్లుకుని ఉంటుంది. ఇదంతా మత్తు చూపించిందనేవాళ్లకు ఒకటే చెబుతాను: మా అమ్మమ్మ కాఫీ కూడా ముట్టలేదు.

ఈమధ్య ఒక పోటీకి న్యాయనిర్ణేతగా వెళ్లాను. బొమ్మ బొమ్మకీ నుదుట మూడో కన్ను. ఎందుకు బాబూ అని ఒకణ్ణి అడిగితే, 'అలా పెడితేనే సైకెడెలిక్ అంటారండీ' అన్నాడు. ఫోనులో చూసి దించాడు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. కన్ను అంటించేది కాదు నాయనా, తెరిచేది.

టైము అయిందంటున్నారు. పాము గురించి ఒక్కమాట. పెరూ చిత్రకారుడు పాబ్లో అమరింగో, అయవాస్కా అనే మత్తు కషాయం తాగినప్పటి దర్శనాల్లో చూసిన మహాసర్పాలను అడవి నిండా గీశాడు. పుకాల్పాలో పిల్లలకు బడి పెట్టి చిత్రకళ నేర్పాడు. మండలం సంగతి కావాలంటే మన పి.టి. రెడ్డిగారి తాంత్రిక చిత్రాలు చూడండి, నాకంటే అవి బాగా చెబుతాయి.

కన్నుకే మళ్లీ వస్తాను, క్షమించండి. మా ఊళ్లో గుడి ప్రతిష్ఠ నాడు నేత్రోన్మీలనం జరిగింది. తెర వెనక స్థపతి బంగారు సూదితో స్వామి కళ్లు తెరిచాడు. ముందు అద్దం చూపించారు, తర్వాత ఆవునీ దూడనీ. అప్పుడు తెర తీశారు. అమ్మమ్మ నన్ను ఎత్తుకుని ముందుకు నడిచింది. స్వామి నన్ను చూశాడా అని అడిగాను.

'ఇప్పుడే చూశాడు నాన్నా' అంది.