తలకు దెబ్బ తగిలినప్పుడు చెప్పే ఆ అంకె

తలకు దెబ్బ తగిలినవారిని ఇక్కడి ఎన్‌హెచ్‌ఎస్ ఆసుపత్రికి తీసుకెళితే "జీసీఎస్ పదకొండు" లాంటి మాట వింటాం. అది గ్లాస్గో కోమా స్కేలు. గ్లాస్గో వైద్యులు టీస్‌డేల్, జెన్నెట్ 1974లో ప్రకటించారు. కళ్లు తెరవడానికి 4, మాటకు 5, కదలికకు 6, మొత్తం 15. ఏ స్పందనా లేకపోయినా 3 ఉంటుంది. 8 లేదా అంతకన్నా తక్కువైతే తీవ్ర గాయం కింద లెక్క.

మన ఇళ్లకు చిక్కంతా మాట దగ్గరే. ఎక్కడున్నారు, ఇది ఏ నెల అని ఇంగ్లీషులో అడుగుతారు. ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మ "ఆసుపత్రిలో ఉన్నా కదమ్మా" అని సరిగ్గానే చెప్పినా, తెలుగు రాని నర్సుకు అది పొంతన లేని మాటగా తోచవచ్చు. చెయ్యి ఎత్తమన్నా అర్థంకాక ఊరుకోవచ్చు. అందుకని ఆమెకు తెలుగే వచ్చని, హియరింగ్ ఎయిడ్ ఉంటే అదీ, ముందే చెబుదాం. ఇంటర్‌ప్రెటర్‌ను అడుగుదాం. అంతదాకా మనమే చెప్పాల్సివస్తే, ఆమె నెల తప్పు చెబితే తప్పే చెప్పిందని చెప్పాలి. ప్రేమకొద్దీ సరిదిద్దామో, అసలు ప్రమాదం కప్పడిపోతుంది.

మొత్తం ఒక్కటే కాదు, మూడు అంకెలూ విడివిడిగా అడుగుదాం. శ్వాస గొట్టం వేస్తే మాటను పరీక్షించలేరు. ఇందాకటికన్నా మగతగా ఉందనిపిస్తే మళ్లీ చూడమని వెంటనే నర్సును పిలుద్దాం.