ఒకే జైల్లో తండ్రీ కొడుకులు

పందొమ్మిదేళ్ల ఎరిక్ కొత్త సెల్‌లో అడుగుపెట్టగానే చేసిన పని ఏమిటో తెలుసా? టూత్‌బ్రష్ పిడిని కరిగించి, అందులో బ్లేడు బిగించి, దాన్ని లైటు వెనక దాచుకున్నాడు. అంతవరకూ సినిమాలో మాటలు దాదాపు లేవు. ఆ కుర్రాడి బతుకంతా ఆ చేతుల నేర్పులోనే కనిపిస్తుంది.

2013లో డేవిడ్ మెకంజీ తీసిన బ్రిటిష్ చిత్రం 'స్టార్డ్ అప్'. అక్కడి జైలు భాషలో ఈ మాటకు అర్థం, యువ నేరస్థుల జైలు నుంచి ఖైదీని ముందుగానే పెద్దల జైలుకు మార్చడం. ఎరిక్‌కు ఆ పెద్దల జైల్లో ఎదురైనవాడు కన్నతండ్రి నెవిల్. ఏళ్ల తరబడి అక్కడే శిక్ష అనుభవిస్తున్నాడు. కొడుకును కాపాడుకోవాలన్న ఆరాటం అతనికి నిజంగానే ఉంది. కానీ బెదిరించడం, కొట్టడం తప్ప ప్రేమ చూపే దారి తెలియదు. గుండెను మెలిపెట్టేది అదే.

జాక్ ఓకానెల్ కొడుకుగా, బెన్ మెండెల్‌సన్ తండ్రిగా నటించారు.

కథ రాసిన జోనథన్ ఆసర్ లండన్‌లోని వాండ్స్‌వర్త్ జైల్లో ఖైదీల మధ్య కూర్చుని, వాళ్ల కోపాన్ని మాటల్లోకి మళ్లించే పని చేసినవాడు. అందుకే ఖైదీలు వలయంగా కూర్చునే సన్నివేశాలు అంత సహజంగా ఉంటాయి. ఒకడు ఉలిక్కిపడి లేస్తాడు, ఇంకొకడు ఆపుతాడు, ఎరిక్ మెల్లగా మళ్లీ కుర్చీలో కూర్చుంటాడు.

చిత్రీకరణ ఉత్తర ఐర్లండ్‌లో జరిగింది. బెల్‌ఫాస్ట్‌లో 1996లో మూతపడిన క్రమ్లిన్ రోడ్ జైలు గోడల మధ్య, కథ నడిచిన వరసలోనే సన్నివేశాలు తీశారు.