గుమ్మం ఎంత ఎత్తు?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  మా 1981 పదో తరగతి బ్యాచ్ వాళ్ళు వెనక వరసలో కూర్చున్నారు. అప్పుడూ అక్కడే కూర్చునేవాళ్ళు.

కార్యదర్శిగారు ఫోన్ చేసి, "మీరు అమెరికాలో నీళ్ళ ఒడ్డున ఇల్లు కొనుక్కుని సొంత బోటులో తిరుగుతున్నారట, దాని గురించి చెప్పండి" అన్నారు. గొప్పలు చెప్పుకోవడానికి పిలిచారేమోనని ముందు జంకాను. తరవాత ఆలోచిస్తే, ఈ నాలుగైదేళ్ళలో మనవాళ్ళు చాలామంది నాకు ఫోన్ చేసి అడుగుతున్నది ఇదే. ఒకరు భీమిలి దగ్గర స్థలం చూశామంటారు, ఒకరు సూర్యలంక అంటారు, మరొకరు టాంపాలో కొడుకు ఇల్లు వెతుకుతున్నాడంటారు. అందరికీ ఒకేసారి చెబుదామని ఒప్పుకున్నాను. ఇందులో గొప్ప కన్నా తప్పే ఎక్కువుంది, వినండి.

మేముండేది ఫ్లోరిడా పడమటి తీరంలో, కేప్ కోరల్ అనే ఊళ్ళో. 1957లో రోజెన్ అన్నదమ్ములిద్దరు మడ అడవులూ చిత్తడి నేలలూ కొని, కాలువలు తవ్వించి, ఆ మట్టితోనే నేల మెరక చేసి, ఇళ్ళ స్థలాలుగా కోసి అమ్మిన ఊరు. ఇవాళ అక్కడ నాలుగు వందల మైళ్ళకు పైగా కాలువలున్నాయి. కాలువ తవ్విన మట్టితో గట్టు వేసుకుని దాని మీద ఇల్లు కట్టుకోవడం మన దివిసీమ వాళ్ళకి కొత్త సంగతేం కాదు. నేను ఆ ఊరు మొదటిసారి చూసినప్పుడు మా నాన్న గుర్తొచ్చాడు. నాన్న కాలువ మీద పడవ నడిపేవాడని మీలో పెద్దవాళ్ళకి తెలుసు. ధాన్యం, గడ్డి, ఒక్కోసారి పెళ్ళివారు. గడ వేసి తోసేవాడు, లేకపోతే గట్టున నడుస్తూ తాడుతో లాగేవాడు. ఆయన కొడుకు ఇంటి వెనక మెట్టు దిగి సొంత బోటెక్కుతాడంటే ఎంత సంబరపడేవాడో అనిపించింది. ఆ సంబరంలోనే 2014లో మొదటి ఇల్లు కొన్నాను.

అక్కడ నీళ్ళున్న ప్రతి స్థలాన్నీ 'వాటర్‌ఫ్రంట్' అనే అమ్ముతారు. కానీ చాలా కాలువలు మంచినీటివి. వాటిలో బోటేసుకుని రోజంతా తిరిగినా సముద్రం రాదు, చెరువులో తిరిగినట్టే. ఉప్పునీటి కాలువలే నదికీ, అక్కణ్ణుంచి సముద్రానికీ వెళ్తాయి. అందులోనూ దారిలో వంతెన ఉందా లేదా అన్నది పెద్ద తేడా. తెరచాప పడవ ఉన్నవాడికి ఒక్క వంతెన అడ్డమున్నా ఆ ఇల్లు దండగే. వంతెన లేని కాలువ మీద ఇల్లు ధర అందుకే ఎక్కువ.

మాది తెరచాప కాదు, ఇరవై రెండడుగుల మోటారు బోటు. నీళ్ళ మీద నుంచి దాని కప్పు ఎనిమిదిన్నర అడుగుల ఎత్తు. వంతెన కింద తొమ్మిదడుగులుందని చూసుకుని మరీ ఇల్లు కొన్నాం. మేం చూసింది పాటు వేళ! అక్కడ పోటుకీ పాటుకీ నీటిమట్టంలో తేడా ఉంటుంది. మొదటి ఆదివారమే చేపలకి వెళ్ళి తిరిగొచ్చేసరికి పోటు మీదుంది, వంతెన కింద దూరలేకపోయాం. కనుచూపు మేరలో ఇల్లు, పొయ్యి మీద పెట్టి వచ్చిన పప్పు. నీరు తీసేదాకా రెండున్నర గంటలు వంతెన పక్కన లంగరేసుకుని కూర్చున్నాం. మా ఆవిడ ఆ పూట నాతో మాట్లాడలేదు. పడవవాడి కొడుకుని, పోటూ పాటూ చూసుకోకుండా ఇల్లు కొన్నాను.

ఇంకో సంగతి, మ్యాపులో నది మైలు దూరమే. కానీ కాలువల్లో మానటీలనే పెద్ద నీటి జంతువులుంటాయి. వాటికి దెబ్బ తగలకూడదని బోటు నడక వేగంతో పోవాలి. నది చేరేసరికి యాభై నిమిషాలయ్యేది. అందుకని, ఎవరైనా సరే కొనేముందు ఎవరి బోటైనా అడిగి తీసుకుని ఆ ఇంటి నుంచి సముద్రం దాకా ఒకసారి వెళ్ళిరండి. చలికాలంలో, ఉత్తరపు గాలి నీటిని బయటికి తోసే రోజున, పాటు వేళ వెళ్ళండి. కాలువ అడుగు ఎక్కడ పైకి తేలుతుందో అప్పుడు కనిపిస్తుంది. వంతెన ఎత్తు మాత్రం పోటు వేళ కొలవండి. ఇల్లు చూపించేవాళ్ళు వంటింటి బండ చూపిస్తారు, ఇవి చూపించరు.

తరవాతది గోడ. కాలువ ఒడ్డున పెరడు జారిపోకుండా కాంక్రీటు గోడ కడతారు. దాన్నెవరూ పట్టించుకోరు, నేనూ పట్టించుకోలేదు. 2017 సెప్టెంబరులో ఇర్మా తుపాను వచ్చినప్పుడు గాలి నీటిని సముద్రంలోకి లాగేసింది. కాలువలు ఎండిపోయి అడుగు బురద కనిపించింది. ముందు నుంచి ఆనించి పట్టుకునే నీరు లేదు, వెనక వానకి నానిన మట్టి బరువు. ఊళ్ళో చాలా గోడలు కాలువలోకి ఒరిగిపోయాయి. వాటిలో మాదొకటి. కట్టేవాళ్ళు దొరకడానికే నెలలు పట్టింది, ఖర్చు చెప్పి మీ పూట పాడుచేయను.

గోడ కట్టించాక, 2019లో ఆ ఇల్లు అమ్మేశాను. ఇక్కడి నుంచి చెప్పేది కొంచెం కష్టం.

ఒహాయో నుంచి వచ్చిన రిటైరైన దంపతులు కొన్నారు. వంతెన సంగతి చెప్పాను, గోడ కొత్తదని కాగితాలిచ్చాను. ఆయన, "మంచి ఇల్లేనా?" అన్నాడు. "మంచి ఇల్లే" అన్నాను. అది పాతకాలపు ఇల్లు, నేల సముద్రమట్టానికి ఏడడుగులు మాత్రమే ఎత్తు. నేను కొత్తగా కొంటున్నదానికి పదకొండు. ఎందుకు మారుతున్నానో నాకు తెలుసు. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. నా కాలంలో ఆ ఇంట్లోకి నీళ్ళు రాలేదు కాబట్టి చెప్పాల్సిన పని లేదనుకున్నాను.

నాకెందుకు తెలుసో ఈ బడిలో చదివినవాళ్ళకి చెప్పక్కర్లేదు. 1977 నవంబరు 19న నేను ఏడో తరగతి. సాయంత్రం గాలి చూసి నాన్న పడవ వదిలేసి మమ్మల్ని ఇక్కడికి తోలుకొచ్చాడు. పై గదికి తాళం వేసుంది. లెక్కల మాస్టారు రాయితో తాళం పగలగొట్టారు. ఉప్పెన వచ్చినప్పుడు కింద తరగతి గదుల్లో నాన్న ఛాతీ దాకా నీళ్ళు. పైనున్నవాళ్ళం మిగిలాం. దివిసీమలో వేలమంది మిగల్లేదు. మరుసటేడు మాస్టారు వరండా గోడ మీద ఆ నీటిమట్టానికి ఎర్ర రంగుతో గీత గీసి, తేదీ రాశారు. నాన్న ఆ తరవాత ఏ ఊళ్ళో ఏ ఇంటికి వెళ్ళినా మొదట గుమ్మం ఎత్తు చూసేవాడు. "ఇల్లు బాగుందయ్యా, మెరకేనా?" అనేవాడు.

2022 సెప్టెంబరు 28న ఇయన్ తుపాను మాకు వాయవ్యంగా కొద్ది దూరంలోనే తీరం దాటింది. ఈసారి గాలి నీటిని లోపలికి తోసింది. మేం ముందురోజే ఊరు విడిచి వెళ్ళాం. తిరిగొస్తే మా కొత్తింట్లో నీళ్ళు గ్యారేజీలోకొచ్చి, గుమ్మానికి రెండు మెట్ల కింద ఆగాయి. మర్నాడు పాత ఇంటికి వెళ్ళాను. అక్కడ మోకాలి పైకి. తడిసిన పరుపులు, పుస్తకాలు, పెళ్ళి ఫోటోలు రోడ్డు పక్కన గుట్టగా పోసున్నాయి.

అమెరికాలో మామూలు ఇంటి బీమా వరద నష్టానికి పనికిరాదు, వరద బీమా విడిగా తీసుకోవాలి. బ్యాంకు అప్పుంటే వాళ్ళే పట్టుబట్టి చేయిస్తారు. వీళ్ళు రొక్కం పెట్టి కొన్నారు, బీమా చేయించలేదు. పైగా బాగుచేసే ఖర్చు కట్టడం విలువలో సగం దాటితే ఇల్లంతా కొత్త నిబంధనల ఎత్తుకి తేవాలి. చివరికి స్థలం ధరకే అమ్ముకుని వెళ్ళిపోయారు.

ఆయనా నేనూ కలిసి తడిసిన గోడ పలకలు ఊడదీస్తుంటే, "మీకు ముందే తెలుసా?" అనడిగాడు. కోపంగా కాదు, ఊరికే. ఫ్లోరిడాలో ఇల్లు అమ్మేవాళ్ళు వరద సంగతులు రాసివ్వాలన్న చట్టం 2024 అక్టోబరులో వచ్చింది. నేనమ్మింది దానికి ముందు, అప్పటికి ఆ ఇంట్లో వరద రాలేదు కూడా. చట్టం ప్రకారం నా తప్పేమీ లేదు. ఆయనకి మాత్రం నేను జవాబు చెప్పలేకపోయాను. ఇవాళే మొదటిసారి చెబుతున్నాను: తెలుసు.

ఇక మన తీరంలో కొనేవాళ్ళకి రెండు ముక్కలు. పోటు రేఖ నుంచి ఎంత దూరంలో కట్టుకోవచ్చన్నది తీర ప్రాంత నియంత్రణ నిబంధనల్లో ఉంది. జనసాంద్రత తక్కువున్న గ్రామీణ తీరంలో 200 మీటర్ల దాకా కొత్త కట్టడం కూడదు. సాంద్రత ఎక్కువున్న చోట 2019లో దాన్ని 50కి తగ్గించారు. తగ్గించింది కాగితం మీద, సముద్రం దగ్గర కాదు. నమ్మకం లేకపోతే ఒకసారి ఉప్పాడ వెళ్ళి, ఒకప్పుడు వీధులెక్కడ ఉండేవో అక్కడి పెద్దవాళ్ళనడగండి. అడ్డంగా మడచెట్లుంటే కొట్టించకండి. ఇల్లు అమ్మేవాణ్ణి "మంచి ఇల్లేనా" అని కూడా అడగకండి. గుమ్మం ఎంత ఎత్తు, ఏ ఏడు ఎంతదాకా నీళ్ళొచ్చాయి అనడగండి. పక్కింటివాళ్ళనీ అడగండి.

చివరగా సంఘానికి ఒక విన్నపం. స్వర్ణోత్సవానికని బడికి చక్కగా రంగులు వేయించారు, సంతోషం. పొద్దున వరండాలోకి వెళ్ళి చూశాను, మాస్టారి గీత మీద కూడా సున్నం పడింది. దగ్గరికెళ్ళి ఏటవాలుగా చూస్తే ఇంకా ఆనవాలు తెలుస్తోంది. మాస్టారు ఇప్పుడు లేరు. ఈ సభ అయ్యాక పెయింటరుని ఒక అరగంట నాతో పంపిస్తే, నా దగ్గర టేపు ఉంది, ఎర్ర రంగు డబ్బా కూడా తెచ్చుకున్నాను. మా బ్యాచ్ వాళ్ళు స్టూలు పట్టుకుంటామన్నారు.