యంత్రము ఈయని రొక్కము



ఇరువది అయిదేండ్లుగా ఈ ఊరికి అక్షరపు వెలుగు నిచ్చుచున్న గ్రంథాలయమున కిది రజతోత్సవము. ఇట్టి సభలలో కావ్యములనుగూర్చియో కవులనుగూర్చియో ముచ్చటించుట ఆచారము. కాని చందాదారులకు నిత్యము పనికివచ్చు విషయము నొకదానిని చెప్పుమని కార్యదర్శిగారు కోరినారు. అందుచేత ఏటీఎం యంత్రము రొక్కము నీయకయే ఖాతాలో కోత పెట్టినపుడు మనము చేయవలసిన దేమో నాలుగు మాటలు మనవి చేసికొందును.

మన ఊళ్ళలో పెండ్లి కుదిరినచో గాజులకు లాడ్‌బజారునకును, బట్టలకు మదీనా, పత్తర్‌గట్టీలకును పోవుట పెద్దల నాటినుండి వచ్చుచున్నది. ఆనాడు సొమ్ము మొలలో దోపుకొని పోవువారు. నేడు కార్డు పట్టుకొని పోవుచున్నారు. చార్మినారు చెంత గాజులు బేరమాడి, తల్లిని దుకాణములో కూర్చుండబెట్టి, కొడుకు పదివేల కొరకు ఏటీఎం గదిలోనికి పోవును. కార్డు పెట్టి, అంకెలు నొక్కును. లోపల నోట్లు లెక్కించుచున్న చప్పుడు వినవచ్చును. నోట్లు మాత్రము రావు. ఖాతాలో పదివేలు తగ్గినవని ఫోనునకు సందేశము వచ్చును. అపుడు పలువురు ఆ సొమ్ము గంగలో కలిసినదనియే తలంచుచున్నారు. నేను చెప్పవచ్చిన దొక్కటే: అది పోయిన సొమ్ము కాదు, బ్యాంకువారు మనకు పడిన బాకీ.

నాణెములతో ఆ పాతబస్తీకి పాత చుట్టరికమే కలదు. 1803లో సికిందర్ జా ప్రభుత్వమున టంకశాల వెలసినది మొఘల్‌పురా దాపుననున్న సుల్తాన్‌షాహీలోనే. తరువాతి కాలమున హైదరాబాదు నాణెములపై చార్మినారు బొమ్మయే వెలసినది. ఆ దినములలో సాహుకారు రూపాయిని రాతిపై మోగించి, ఎదుటివాని కన్నుల యెదుటనే లెక్కించి యిచ్చెడివాడు. తప్పు వచ్చినచో అక్కడికక్కడే తేలిపోయెడిది. యంత్రముతో తగవులాడుటకు వీలులేదు గనుకనే దాని నడక కొంత తెలిసికొనవలెను.

యంత్రములో నోట్లు పెట్టెలలో పేర్చబడియుండును. మన కోరిక ముందుగా మన బ్యాంకునకు తంతి మార్గమున పోవును. ఖాతాలో సొమ్మున్నచో బ్యాంకు దానిని తగ్గించి, ఇయ్యవచ్చునని యంత్రమునకు సెలవిచ్చును. అపుడు యంత్రము నోట్ల నొక్కటొక్కటిగా లాగి లెక్కించును. రెండు నోట్లు అంటుకొనినను, నలిగిన నోటు అడ్డుపడినను, వానిని వేరొక పెట్టెలోనికి త్రోసివేయును. ఈ నడుమ కరెంటు పోయినను, తంతి తెగినను, ఖాతాలో కోత నిలిచిపోవును, రొక్కము యంత్రములోనే యుండిపోవును. ఒక బ్యాంకు కార్డుతో వేరొక బ్యాంకు యంత్రమున సొమ్ము తీయుటకు వీలు కల్పించిన జాలమును 2004లో నెలకొల్పినది మన హైదరాబాదులోని మాసబ్‌ట్యాంకుననున్న ఐ.డి.ఆర్.బి.టి. సంస్థయే. 2009లో అది జాతీయ చెల్లింపుల సంస్థ చేతికి పోయినది. ఈ జాలములో ప్రతి కోరికకును ఒక సంఖ్య యుండును; ప్రతి యంత్రమునకును ఒక చిట్టా యుండును. పెట్టెలోని నోట్లను లెక్కించి, చిట్టాతో సరిచూచినపుడు మన పదివేలు అధికముగా తేలక తప్పదు.

2023లో పాతబస్తీలో హరిబౌలి ప్రాంతపు యంత్రమొకటి అడిగినదానికన్న మించి నోట్లు ఇచ్చినదని విని జనము గుమిగూడిరి; పోలీసులు వచ్చి దానిని మూయించిరి. ఎక్కువగా వచ్చిన సొమ్ము బ్యాంకుదని మన మంగీకరింతుము. అదే న్యాయమున తక్కువగా వచ్చిన సొమ్ము మనదని బ్యాంకు అంగీకరింపవలెను. తక్కెడకు రెండు వైపుల నొకే తూకముండవలెను గదా!

ఈ న్యాయమును రిజర్వు బ్యాంకు క్రమముగా గట్టిపరచినది. 2009 నాటి ఉత్తరువు ప్రకారము ఫిర్యాదు అందిన పండ్రెండు పనిదినములలో బ్యాంకు సొమ్ము తిరిగి వేయవలెను. 2011 జూలైనుండి అది ఏడు పనిదినములైనది. ఆ రెంటిలోను గడువు లెక్క ఫిర్యాదుతోనే మొదలగుచుండెను. అడుగనివానికి లెక్కయే లేదు. 2019 సెప్టెంబరు 20న వెలువడి, అక్టోబరు 15నుండి అమలైన ఉత్తరువు ఈ లోపమును తీర్చినది. సొమ్ము రాని దినము మొదలు అయిదు దినములలో బ్యాంకు తనంతట తానే దానిని ఖాతాలో తిరిగి వేయవలెను. ఆ పై ఆలస్యమైన ప్రతి దినమునకును నూరు రూపాయలు నష్టపరిహారముగా చేర్చవలెను. ఈ పరిహారమునకు అర్జీ పెట్టుకొనవలసిన పనిలేదు.

లెక్క చూడుడు. నెల మొదటి తేదీన యంత్రము మోసగించినదనుకొందము. ఆరవ తేదీలోపల సొమ్ము రావలెను. పదునారవ తేదీన వచ్చినచో ఆలస్యము పది దినములు. పదివేలతో పాటు వేయి రూపాయలు మనకు రావలసియున్నవి. పదివేలు వచ్చినవిగదా యని సంతోషించి ఆ వేయిని మరచువారే యెక్కువ. కూలినాలి చేసికొనువానికి అది రెండు దినముల తిండి.

చట్టము తనంతట తాను నడుచునన్నను, చేతిలో కాగితమున్నవాని మాటకే బలము. కాబట్టి గదిలోనుండి బయటికి రాక పూర్వమే యంత్రముపై వ్రాసియున్న సంఖ్య, తేదీ, వేళ, అడిగిన మొత్తము వ్రాసికొనుడు. చీటీ వచ్చినచో దాచుడు, సందేశమును చెరిపివేయకుడు. యంత్రము ఏ బ్యాంకుదైనను, ఫిర్యాదు చేయవలసినది మనకు కార్డు ఇచ్చిన బ్యాంకునకే. నోటితో చెప్పి ఊరకుండక, వ్రాతమూలముగా నిచ్చి, ఫిర్యాదు సంఖ్య పుచ్చుకొనుడు. యంత్రపు చిట్టాను, ఆ వేళ కెమేరా తీసిన చిత్రములను భద్రపరచుమని ఆ అర్జీలోనే కోరుడు. ఆ చిత్రములు కలకాల ముండవు గనుక ఆలస్యము పనికిరాదు.

బ్యాంకు ముప్పది దినములలో బదులు చెప్పకున్నను, చెప్పిన బదులు మనకు సమ్మతము కాకున్నను రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు మొరపెట్టుకొనవచ్చును. దీనికి రుసుము లేదు, వకీలు అక్కరలేదు. 14448 అను సంఖ్యకు ఫోను చేసినచో దారి చెప్పుదురు. అదియు చాలకున్న జిల్లా వినియోగదారుల కమిషను కలదు. అయిదు లక్షల లోపు వ్యవహారములకు అచ్చటను రుసుము లేదు.

ఒక హెచ్చరిక. సొమ్ము పోయిన తొందరలో ఇంటర్నెట్టులో కనబడిన ఫోను సంఖ్యకెల్ల మాటలాడకుడు. కార్డు వెనుకను, పాసుపుస్తకముపైనను ఉన్న సంఖ్యలనే నమ్ముడు. సొమ్ము తిరిగి యిప్పింతుమని రహస్య సంఖ్య నడుగువాడు దొంగయే. అట్టివాని చేత చిక్కినచో వెంటనే 1930కి తెలుపవలెను.

పట్నము పోనివారికిని ఈ న్యాయము వర్తించును. మన ఊరి దుకాణములో వేలిముద్ర వేసి సొమ్ము తీయబోగా, ఖాతాలో తగ్గి వ్యవహారము నిలిచిపోయినచో అచ్చటను అయిదు దినముల గడువే. ఫోనుద్వారా ఒకరికి పంపిన సొమ్ము వారికి చేరనిచో మరునాటికే తిరిగి రావలెను. ఆపై ఆలస్యమునకు దినమునకు నూరు రూపాయల లెక్క వీనికిని కలదు.

సోదరులారా, 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసిన నాటినుండియు గ్రంథాలయము కేవలము కథలు చదువుకొను చోటుగా నుండలేదు. తన కేమి హక్కు కలదో సామాన్యుడు తన భాషలో తెలిసికొను చోటుగా నుండినది. ఈ గ్రంథాలయమున ఒక బల్లపై ఇట్టి అర్జీ నమూనా తెలుగులో నుంచుడు. వారమున కొకనాడు చదువుకొన్న యువకు డొకడు దానికడ కూర్చుండి, వ్రాయలేనివారికి వ్రాసి పెట్టవలెను. ఒక్క వృద్ధురాలి పింఛను సొమ్ము ఆ కాగితముతో తిరిగి వచ్చినను, ఈ రజతోత్సవము సార్థకమైనదని నేను భావింతును. సెలవు.