తంగేడు పువ్వు దగ్గర కెమెరా

తెలుగు సినిమాలో రాయలసీమ కనిపించిందంటే కెమెరా దాదాపు ఎప్పుడూ దూరంగా, ఎత్తుమీదే నిలబడి ఉంటుంది. ఎర్రటి నేల, బోడి గుట్టలు, ఎండిన వంక, దుమ్ము లేపుకుంటూ వచ్చే జీపులు. ఆ షాటులో అబద్ధమేమీ లేదు. కానీ ఈ నేల మీద బతికే ప్రాణుల్లో చాలావాటికి అందులో చోటు లేదు. ఏడాదికి ఇంచుమించు 600, 700 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే కర్నూలు, కడప ప్రాంతాల్లో ప్రాణం చిన్నచిన్న ఒళ్ళలో సర్దుకుంటుంది. నేల అడుగున, పొద మొదట్లో, బండ సందులో దాగి వాన కోసం కాచుకుంటుంది. ముంగారు వాన పడిన సాయంత్రం పుట్టల్లోంచి ఉసిళ్ళు లేస్తాయి. ఆరుద్ర కార్తె వచ్చేసరికి ఎర్రనేలల మీద ఆరుద్ర పురుగులు నడుస్తుంటాయి. బీడు అని మనం తీసిపారేసే పొదల నేల ఖాళీ కాదని కడప జిల్లా ఇదివరకే రుజువు చేసింది. 1900 తర్వాత ఎవరికీ కనపడని కలివికోడి 1986లో రెడ్డిపల్లి దగ్గరి ముళ్ళపొదల్లోనే మళ్ళీ దొరికింది. ఆ పక్షి బతికేది చిన్నచిన్న పురుగుల మీదే. అందుకే ఇవాళ నేను వాదించదలచుకున్నది ఒక్కటే. సీమను ఉన్నదున్నట్టు చూపాలంటే దూరం నుంచి తీసే కెమెరా ఒక్కటే చాలదు, పురుగు పక్కన మోకాళ్ళ మీద కూర్చునే కెమెరా కూడా కావాలి. ఆ పని కూడా ఒక కళే. ఆ కళను చూడటం మనమూ నేర్చుకోవాలి.

మామూలు లెన్సు వస్తువుకు మరీ దగ్గరగా పోతే బొమ్మ అలుక్కుపోతుంది. మాక్రో లెన్సు అంత దగ్గర్లోనూ స్పష్టంగా చూపిస్తుంది. పూర్తిస్థాయి మాక్రో లెన్సయితే సెంటీమీటరు పొడవున్న పురుగు కెమెరా లోపలి సెన్సార్ మీద కూడా సెంటీమీటరు పొడవునే పడుతుంది. ఇప్పుడు ఫోనుకు తగిలించుకునే చిన్న లెన్సులూ వచ్చాయి. మరి యంత్రమే అంతా చేస్తుంటే ఇందులో కళ ఎక్కడుందని అడిగేవాళ్ళుంటారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు ఫోకస్‌లో ఉంది. పెద్ద సెన్సార్ ఉన్న కెమెరాతో అంత దగ్గర నుంచి తీస్తే, మామూలుగా వాడే ఎపర్చర్ దగ్గర, స్పష్టంగా కనిపించే లోతు ఇంచుమించు ఒక మిల్లీమీటరు. బియ్యపు గింజ మందం కూడా లేదు. కంటి మీద నిలిపితే రెక్క మసకబారుతుంది, రెక్క మీదికి మారిస్తే కన్ను పోతుంది. పురుగు కదులుతూనే ఉంటుంది, గాలికి కొమ్మ ఊగుతూనే ఉంటుంది. ఆ ఒక్క మిల్లీమీటరును ఎక్కడ ఉంచాలో, ఏ క్షణంలో కంటి నుంచి కాలికి మార్చాలో ఏ యంత్రమూ చెప్పదు. కాబట్టి ఇలాంటి చిత్రం చూసేటప్పుడు మొదట గమనించవలసింది అదే. ఫోకస్ ఎక్కడుంది, అక్కడే ఎందుకుంది?

రెండోది, పురుగు వెనక ఏముంది? వెనకంతా పచ్చటి మసకగా కరిగిపోతే చాలామంది అందం అంటారు. నేను ఒప్పుకోను. ఆ మసక ముందు వాలిన మిడత బ్రెజిల్‌లో ఉందో బేతంచెర్లలో ఉందో ఎవరు చెప్పగలరు? జిల్లేడు ఆకు తెల్లటి నూగు, దాని వెనక ఎర్రమట్టి, ఆ వెనక ఎండకు మెరిసే బండ, ఇవి కూడా కనిపిస్తేనే ఆ మిడత ఈ ఊరిదవుతుంది. చిన్న కెమెరా ఇక్కడే అక్కరకొస్తుంది. సెన్సార్ చిన్నదైతే అదే పురుగును అదే సైజు ఫ్రేములో పట్టినప్పుడు స్పష్టంగా కనిపించే లోతు పెరుగుతుంది, చుట్టుపక్కల చోటు కూడా బొమ్మలోకి వస్తుంది. ఖరీదైన కెమెరా లేదని బాధపడేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇక ఒక దృశ్యాన్ని దగ్గరగా చూద్దాం. తంగేడు పువ్వు మనకు కొత్త కాదు, రోడ్డు పక్కన, గుట్టల వాలున పసుపుపచ్చగా ఎక్కడ చూసినా ఉంటుంది. దాని మీద నల్లటి తుమ్మెద వాలుతుంది. మన కవిత్వం తుమ్మెదను తేనె కోసమే పువ్వు దగ్గరికి పంపింది. కానీ తంగేడు జాతి పూలలో తేనె ఉండదు, ఉండేది పుప్పొడే. అది కూడా పైకి రాలి ఉండదు. కేసరాల కొసన ఉండే సన్నటి రంధ్రం లోపల దాగి ఉంటుంది. తుమ్మెద కేసరాలను కాళ్ళతో వాటేసుకుని, ఒంటిని వాటి మీదికి వంచి, రెక్కలు వెనక్కి ముడిచి, ఎగరడానికి వాడే ఛాతీ కండరాలను మాత్రం ఆడిస్తుంది. పువ్వంతా అదురుతుంది. రంధ్రాల్లోంచి పుప్పొడి పొగలా చిమ్ముతుంది. కొంత తుమ్మెద పొట్ట కిందికి చేరుతుంది, అది దాని పిల్లలకు తిండి. కొంత దాని కాలు తుడవలేని చోట అంటుకుని ఇంకో పువ్వుకు చేరుతుంది. ఇదంతా జరగడానికి రెప్పపాటు చాలు. మామూలు కంటికి తుమ్మెద వాలింది, వెళ్ళిపోయింది, అంతే. సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోనుతో పట్టి, టీవీకి అలవాటైన 25 ఫ్రేముల వేగంలో చూస్తే ఆ పుప్పొడి పొగ లేవడం, విచ్చుకోవడం, నల్లటి నూగు మీద పసుపుగా దిగడం అన్నీ కనపడతాయి. తుమ్మెద ఒంటి అదురు మాత్రం అప్పటికీ విడివిడిగా చిక్కదు, అది సెకనుకు కొన్ని వందల సార్లు. మంచి ఛాయాగ్రాహకుడు ఆ అదురు వెంట పడకుండా పుప్పొడి మీద ఫోకస్ పెట్టి కాచుకుంటాడు. కారణం కనపడకపోయినా దాని పర్యవసానాన్ని చూపిస్తే, చూసేవాళ్ళు కారణాన్ని తామే ఊహించుకుంటారు.

స్టిల్ ఫొటో ఉండగా సినిమా ఎందుకు అన్న ప్రశ్నకు కూడా ఇక్కడే సమాధానం మొదలవుతుంది. కె.సి. (కర్నూలు-కడప) కాలువ గట్టు మీద మిట్టమధ్యాహ్నం పుల్ల కొసన వాలిన తూనీగ తోకను సూర్యుడి వైపు నిటారుగా ఎత్తి నిలబడటం చూస్తుంటాం. ఫొటోలో అది చక్కటి భంగిమ, అంతకుమించి ఏమీ తెలియదు. కెమెరాను కదపకుండా వదిలేస్తే, పొద్దు జరిగేకొద్దీ తోక కొస కూడా జరగడం తెలుస్తుంది. ఒంటి మీద పడే ఎండను తగ్గించుకోవడానికి అది పడే పాటు అది. అలాగే చీమ వేషం వేసే సాలీళ్ళున్నాయి. చీమకు ఆరు కాళ్ళు, రెండు మీసాలు. సాలీడుకు మీసాలు లేవు, కాళ్ళు ఎనిమిది. ముందుకాళ్ళు ఎత్తి మీసాల్లా ఆడిస్తూ మిగిలిన ఆరింటి మీద నడుస్తుందని చాలాకాలం అనుకున్నారు. ఆ జాతుల్లో ఒకదాన్ని హైస్పీడ్ కెమెరాతో తీసి చూస్తే, నడిచేటప్పుడు ఎనిమిది కాళ్ళూ నేల మీదే ఉన్నాయి. నడక మధ్య సెకనులో పదోవంతు ఆగి, ముందుకాళ్ళు ఎత్తి ఆడించి, మళ్ళీ దించి నడుస్తోంది. ఆ ఆగడాన్ని మన కన్ను పసిగట్టలేదు. దాన్ని చూసి మోసపోవలసిన శత్రువుల కన్ను కూడా పసిగట్టలేదని పరిశోధకుల ఊహ. వేషం ఉన్నది ఆకారంలో కంటే కదలికలో. కదలిక మన దాకా రావాలంటే సినిమాయే దారి.

కానీ స్లో మోషన్‌ను ఇష్టం వచ్చినట్టు వాడటం నాకు నచ్చదు. తూనీగ రెక్క సెకనుకు సుమారు 30 సార్లు, ఈగ రెక్క 200 సార్ల దాకా ఆడతాయి. ఆ వేగమే వాటి బతుకు. ప్రతిదాన్నీ నీళ్ళలో తేలినట్టు చూపిస్తే చూసేవాళ్ళకు ఆ బతుకు మీద తప్పు అభిప్రాయం కలుగుతుంది. ఒకసారి అసలు వేగంలో చూపి, తర్వాతే నెమ్మదింపజేసే చిత్రం నిజాయితీ కలది.

ఇంకో ఆక్షేపణ ఉంది. గోరంత పురుగును గోడంత చేస్తే అది రాక్షసి అవుతుంది, భయమో అసహ్యమో కలుగుతుంది, సత్యం ఎలా అవుతుంది అంటారు. భయపెట్టడానికే తీసిన చిత్రాలున్న మాట నిజం. కింద నుంచి లైటు, దవడల మీదే ఫోకస్, వెనక ఉరుములాంటి సంగీతం. అది ఆ లెన్సు చేసిన తప్పు కాదు, తీసినవాళ్ళ ఎంపిక. ఫ్రాన్సు జీవశాస్త్రవేత్తలు క్లోడ్ న్యూరిద్‌సానీ, మరీ పెరెన్నూ 1996లో తెచ్చిన ‘మైక్రోకాస్మోస్’ చూడండి. వ్యాఖ్యానం దాదాపు లేదు. ఒక పేడపురుగు దొర్లించుకుపోతున్న ఉండ ముల్లుకు గుచ్చుకుంటుంది. ఆ పురుగు అటు తోసి, ఇటు తోసి, చివరికి విడిపించుకుంటుంది. ఆ పాటుకు కావలసినంత సమయం ఇచ్చారు కాబట్టే దాని పరిమాణం మరిచిపోయి దాని పని మీద పడతాం. మనకు బాగా తెలిసిన ‘ఈగ’తో పోల్చితే తేడా తెలుస్తుంది. 2012లో రాజమౌళి తీసిన ఆ సినిమాలో ఈగ గ్రాఫిక్స్‌తో పుట్టింది. దానికి మనిషి మనసు ఉంది, పగ ఉంది, ప్రేమ ఉంది. కల్పనగా అది గొప్ప పని, జాతీయ అవార్డులకు అన్ని విధాలా తగినది. మాక్రో చిత్రానికి మాత్రం ఆ స్వేచ్ఛ లేదు. నిజమైన ఈగ ముందుకాళ్ళు రుద్దుకుంటున్నప్పుడు కుట్ర పన్నడం లేదు, కాళ్ళతోనే రుచి చూస్తుంది కనుక వాటిని శుభ్రం చేసుకుంటోంది. ఈగకు మన మనసు అంటగట్టకుండానే దాని మీద ఆసక్తి కలిగించాలి. అది కల్పన కన్నా కష్టమైన పని అనే నా అభిప్రాయం.

మరి ఇవన్నీ ఏర్పాటు చేసి తీసినవే కదా అని కొందరు పెదవి విరుస్తారు. ఏర్పాటు ఉంటుంది, దాచనక్కర్లేదు. చెదపుట్ట లోపలి గది చూపాలంటే గాజుపలక అడ్డుపెట్టాల్సిందే. ఆ సంగతి ప్రేక్షకులకు చెబితే అందులో మోసం లేదు. గీత దాటడం వేరే చోట. పురుగు కదలకుండా ఉండాలని ఫ్రిజ్‌లో పెట్టి తీసేవాళ్ళున్నారు. చలికి కొంకర్లు పోయిన పురుగు చేసేది ఆ పురుగు నడవడిక కాదు, కాబట్టి ఆ బొమ్మ ఎంత స్పష్టంగా ఉన్నా చూపించేది అబద్ధమే. 1910లో లాడిస్లాస్ స్టారెవిచ్ లిథువేనియాలో కొమ్ముపురుగుల పోట్లాటను తీయబోతే స్టూడియో దీపాలకు అవి నీరసించి పడిపోయాయి. ఆయన చచ్చిన పురుగుల కాళ్ళ చోట తీగలు అమర్చి, ఫ్రేము తర్వాత ఫ్రేముగా కదిలించి తీశాడు. బొమ్మలాట సినిమాలో ఆయన స్థానం గొప్పది. కానీ ఆనాటి నుంచీ ఈ కళ ముందున్న సమస్య అదే, వెలుతురు కావాలి, వేడి వద్దు. మే నెలలో 40 డిగ్రీలు దాటే మన దగ్గర దానికి మందు పొద్దుటి పూట. పురుగు ఒళ్ళు ఇంకా కాగదు, నెమ్మదిగా కదులుతుంది, ఏటవాలు ఎండ దానంతటదే నూగు మీద పడుతుంది. దీపం అక్కర్లేదు.

అన్నిటికన్నా బరువైన ప్రశ్న రైతుది. చేను తినేసే పురుగును అందంగా చూపించడం ఏం న్యాయం? ఎర్ర గొంగళిపురుగు దండు చేలకు చేలు ఎలా నాకేస్తుందో వేరుశనగ వేసిన ఏ ఊరికైనా తెలుసు. దాని ప్యూపాలు ఎండాకాలమంతా మట్టిలో దాగి, వానతో పాటే రెక్కల పురుగులై పైకి వస్తాయి. ఆ రాత్రులు గట్ల మీద మంటలు వేసేది వాటిని రప్పించి చంపడానికే. ఆ కష్టాన్ని తక్కువ చేసే చిత్రం నాకూ అక్కర్లేదు. అయితే దగ్గరగా చూడటమంటే మెచ్చుకోవడం ఒక్కటే కాదు. పొలంబడిలో రైతులకు శత్రుపురుగులను, మిత్రపురుగులను వేరుచేసి చూపిస్తారు. అక్షింతల పురుగును అందరూ గుర్తుపడతారు. కానీ దాని పిల్లపురుగు నల్లగా, పొడుగ్గా, ముళ్ళముళ్ళుగా, తల్లి పోలిక ఒక్కటీ లేకుండా ఉంటుంది. పేనుబంకను ఒక్కొక్కటిగా పట్టి తినేది అదే. దాన్నే తెగులు పురుగనుకుని మందు కొట్టడం జరుగుతుంటుంది. అది పేనుబంకను దవడలతో పట్టి పీల్చేస్తున్న ఒక్క క్లోజప్, నిమిషం పాటు, కరపత్రాలు చెప్పలేనిది చెబుతుంది. అందుకని ఉపయోగం ఉంటేనే ఈ కళకు విలువ అనడం లేదు. శత్రువునైనా ఇంత దగ్గరగా చూసినవాడికి దాని గురించి తప్పుడు మాట నమ్మడం కష్టమవుతుందని అంటున్నాను.

రేడియో వింటున్నవాళ్ళకు ఈ చిత్రాలను పరీక్షించే సాధనం ఒకటి ఇప్పటికే చేతిలో ఉంది, చెవి. పురుగుల సినిమాల్లో అడుగుల చప్పుడు, నమిలే చప్పుడు తరచు స్టూడియోలో చేర్చినవే. కళ్ళు మూసుకుని ఒకసారి వినండి. ఎగిరే తుమ్మెద రొద ఒక స్థాయిలో ఉంటుంది. తంగేడు కేసరాలను అదిరించేటప్పుడు అదే తుమ్మెద గొంతు పొట్టిగా, పదునుగా, పై స్థాయికి మారుతుంది. చిత్రంలో ఆ మార్పు వినిపించిందంటే తీసినవాళ్ళు పువ్వు దగ్గర మైకు పెట్టారన్నమాట.

ఇంతసేపూ చుట్టుపక్కల చోటు చూపించాలని వాదించాను. దానికి ఒక మినహాయింపు ఉంది, అది మన నల్లమలలోనే ఉంది. గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన ఒకే ఒక్క సాలీడును చూసి 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త దాన్ని కొత్త జాతిగా వర్ణించాడు. తర్వాత వందేళ్ళు అది ఎవరికీ దొరకలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో చెట్టు తొర్రల్లో మళ్ళీ కనిపించింది. ఒళ్ళంతా నెమలికంఠం నీలం, మధ్యలో పసుపు. ఆ నీలం రంగుద్రవ్యం కాదు, వెంట్రుకల లోపలి సూక్ష్మ నిర్మాణం వెలుతురును విరిచి ఇచ్చే రంగు. సాలీడు పురుగు కాదు గానీ మాక్రో కెమెరాకు ఇంతకంటే కోరదగ్గ ప్రాణి ఈ చుట్టుపక్కల లేదు. అది అంతరించే ప్రమాదం అంచున ఉందని 2008లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ప్రకటించింది. అడవి నరకడం ఒక ఎత్తు, పెంచుకోవడానికి కొనేవాళ్ళ కోసం పట్టుకుపోవడం ఇంకో ఎత్తు. దీన్ని తీసే చిత్రంలో గుట్ట ఆకారం, దారి, కిలోమీటరు రాయి, ఏదీ ఉండకూడదు. తొర్ర అంచు, బెరడు పగులు, దాని మీదికి వచ్చి ఆగిన ఒక నీలి కాలు, ఇవి చాలు. వీడియో ఫైలులో ఫోను తనంతట తాను రాసుకునే జీపీఎస్ అంకెలను కూడా చెరిపేసిన తర్వాతే దాన్ని ఎవరికైనా పంపాలి.