కువైటు వీసాయు, మన యిండ్ల వృద్ధులును

పెద్దలారా,

మంగంపేట ముగ్గురాయి లోకప్రసిద్ధము. ఇచ్చటి రాయి పొడియై, ఓడలెక్కి, గల్ఫు దేశములలో నూనెబావులు త్రవ్వు పనికి పోవుచున్నది. ఆ దేశములకే యీ సీమ స్త్రీలును విమానమెక్కి పోవుచున్నారు. కోడూరు, రాజంపేట, రాయచోటి ప్రాంతములలో కువైటునకు మనిషిని పంపని పల్లె అరుదు. రాతికి బరువు, ధర, కొనువాని పేరు ముందే కాగితముపై వ్రాయబడును. మనిషికి అంతపాటి వ్రాతయైన నున్నదా యని విచారించుటయే నేటి నా ప్రసంగోద్దేశము.

ఈ స్త్రీలు అచ్చట చేయునది వంటయు పాచిపనియు మాత్రమే కాదు. శిశువులకు నీళ్లు పోయుట, మంచము పట్టిన ముసలివారిని లేవదీయుట, వేళకు మందు మ్రింగించుట మొదలగు పరిచర్యయు వీరి చేతిమీదుగా జరుగుచున్నది. ఇచ్చట వీరి బిడ్డలను అవ్వలు పెంచుచున్నారు. ఆ అవ్వయే మంచము పట్టినచో చూచువారెవరు?

ఈ పరిచారికల బ్రతుకును నడపునది వలస శాసనము. ఇంటిపనికి కువైటు ప్రభుత్వ మిచ్చునది 20వ సంఖ్య వీసా; మనవారు దానిని ఖాదిం వీసా యందురు. ఆ వీసా తెప్పించిన యజమానియే కఫీలు. అతని యనుమతి లేక వేరొక యింట పని చేయరాదు. బాధ కోర్వలేక గడప దాటిన స్త్రీపై, పారిపోయినదని కఫీలు ఫిర్యాదు చేసిన యెడల, అకామా పోయి ఆమెయే నేరస్థురాలగును. అకామా లేక చిక్కుకొన్న వారు పెక్కుమంది, 2018లోను 2024లోను ఆ ప్రభుత్వము క్షమాభిక్ష ప్రకటించినప్పుడే యిల్లు చేరగలిగిరి. 2024 జులై 14 మొదలు సెప్టెంబరు 12 వరకు, 20వ సంఖ్యవారు కంపెనీపనికి చెల్లు 18వ సంఖ్య వీసాకు మారవచ్చుననిరి. దానికిని కఫీలు సమ్మతియే కావలసివచ్చెను.

అచ్చట న్యాయమే లేదనుట సరి కాదు. 2015లో చేసిన 68వ శాసనము దినమునకు 12 గంటలకు మించని పనిని, వారమున కొక విశ్రాంతిదినమును, ఏటేట జీతముతో సెలవును విధించినది. పనిమనిషి పాస్‌పోర్టును యజమాని తనయొద్ద ఉంచుకొనరాదన్నది. 2016లో కనీసపు జీతము 60 దినారులుగా నిర్ణయమైనది. 2021 జూన్‌లో ఉభయ ప్రభుత్వములు గృహసేవకుల నియామకముపై ఒడంబడిక చేసికొన్నవి. ఐనను, ఇల్లు కర్మాగారము కాదు. తలుపు మూసిన పిమ్మట లోపలి సంగతి అధికారికి తెలియుట కష్టము.

మన దేశపు కట్టుబాట్లును చూతము. 1983 వలస శాసనము ననుసరించి, పదవ తరగతి నెగ్గనివారు గల్ఫు దేశములకు పనికి పోవుటకు ప్రభుత్వానుమతి పొందవలెను. అట్టి స్త్రీలు ఇంటిపనికి పోవుటకు 30 ఏండ్లు నిండవలెనని నియమము. 2016లో, వారిని ప్రభుత్వ సంస్థల మూలముగనే పంపవలెనని కట్టడి చేసిరి. మన రాష్ట్రమున అట్టి సంస్థ ఓంక్యాప్. ఉద్దేశము మంచిదే. కాని రాజమార్గము ఇరుకైనకొలది దొడ్డిదారి వెడల్పగుచున్నది. ఏజెంటు సందర్శక వీసా చేతబెట్టి పంపిన స్త్రీ పేరు ప్రభుత్వపు లెక్కలో నుండదు. అనుమతితో పోవువారికి గల 10 లక్షల రూపాయల ప్రమాదబీమాయు ఆమెకు లేదు.

పోవలదని మనము చెప్పజాలము. వాన లేని యేట బిడ్డల చదువునకు, అప్పునకు ఆ దినారులే దిక్కు. వీసా ఒక్క యింటికిగాక పనికి కట్టుబడి యుండవలెనని ప్రభుత్వములు అంగీకరించిననాడుగాని పూర్తి రక్షణ కలుగదు. అంతవరకు మనచేతిలోని పని కొంత కలదు. ప్రయాణపు అప్పుపత్రముపై సాక్షి సంతకము చేయువారు తరచుగా మీరే. ఆ సంతకమునకు ముందు వీసా సంఖ్య యేదో, కఫీలు పేరేమో, ఓంక్యాప్ మూలముగా పోవుచున్నదో లేదో అడుగుడు. ఒప్పందపు ప్రతి యొకటి యింట నుంచుడు. వెనుక మిగులు అవ్వను, బిడ్డలను ఎవరు చూతురో ఆ దినముననే తేల్చుడని నా మనవి.