పాత నోట్లు: వేడుకా, పెట్టుబడియా?

వెండి రూపాయి చెలామణి పోయినా అందులో వెండి మిగులుతుంది. నోటు చెలామణి పోతే మిగిలేది కాగితమే. అయినా ఆ కాగితానికి ముఖవిలువకు ఎన్నో రెట్లు ఇచ్చి కొనేవారున్నారు. వారు కొంటున్నది దేనిని? ఆ ధరను నమ్మి మనం కష్టార్జితాన్ని నోట్లమీద పెట్టవచ్చునా? ఇవి రెండు వేరువేరు ప్రశ్నలు. వీటిని ఒకటిగా భావించడం వల్లనే నష్టం కలుగుతున్నది.

చందుర్తి, సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ప్రాంతాల పాత ఇండ్లలో, సందుగల అడుగున హైదరాబాదు రాజ్యపు నోటు దొరకడం అసంభవం కాదు. నిజాం ప్రభుత్వం 1918లో చట్టం చేసి ఉస్మానియా సిక్కా నోట్లను వెలువరించినది. ఉర్దూ, ఇంగ్లీషులతోపాటు తెలుగు, మరాఠీ, కన్నడ భాషలకు కూడ వాటిపై చోటున్నది. ఆనాడు బ్రిటిష్ ఇండియా రూపాయిని మనవారు కల్దారు అనేవారు. 6 కల్దార్లకు 7 సిక్కా రూపాయలు మారకం. ఒక రాజ్యపు భాషలూ, లావాదేవీలూ ఆ చిన్న కాగితంలో ఇమిడి ఉన్నవి. వాటిని చదివి ఆనందించేవాడే అభిరుచిగల సేకర్త.

ఆ నోట్లలో కొన్నిటి కథ విచిత్రమైనది. 1922 మే 20వ తేదీన, లండను నుండి బొంబాయికి బయలుదేరిన ‘ఈజిప్టు’ అనే ఓడ, ఫ్రాన్సు తీరం చెంత పొగమంచులో మరొక ఓడతో ఢీకొని మునిగిపోయినది. అందులో బంగారం, వెండితోపాటు హైదరాబాదుకు చేరవలసిన, ఇంకా సంతకాలు కాని నోట్లున్నవి. సుమారు పదేండ్ల తరువాత ఇటలీ దేశపు నిపుణులు ఆ బంగారాన్ని వెలికితీసినప్పుడు నోట్లు కూడ పైకి వచ్చినవి. సంతకం లేని ఆ కాగితాలు ద్రవ్యంగా ఎన్నడూ చెల్లలేదు. అయినా వాటికోసం నేటికీ వెదికేవారున్నారు. వారు కోరేది ఆ కథను.

మన ప్రాంతంనుండి ఎందరో జీవనోపాధికై గల్ఫు దేశాలకు వెళ్ళినారు. అక్కడ ఒకప్పుడు మన రూపాయే చెల్లేది. 1959లో భారతదేశం ఆ ప్రాంతానికై వేరు రంగులలో నోట్లు ముద్రించినది. వాటి వరుససంఖ్యకు ముందు ‘జెడ్’ అక్షరం ఉంటుంది. 1961లో కువైటు, 1965లో బహ్రెయిన్, తరువాత తక్కిన దేశాలు సొంత ద్రవ్యం ఏర్పరచుకొన్నవి. ఆ నోట్లు నేడు అరుదు, అందుచేతనే ప్రియం.

ఇక పెట్టుబడి మాట. అరుదైన నోటుకు ధర పెరగవచ్చును. కాని నోటు వడ్డీ తేదు, పంట ఇవ్వదు. కోరి కొనేవాడు దొరికిననాడే దానికి ధర. ఒక మడత, ఒక మరక ఉంటే ఆ ధర తగ్గుతుంది. వర్తకునికి తిరిగి అమ్మబోతే అతడు తన లాభం మినహాయించుకొనే ఇస్తాడు. పైగా పాతదంతా అరుదు కాదు. కోట్లకొలది అచ్చయిన నోటు వయసు మీరినంతమాత్రాన మాణిక్యం కాజాలదు.

చట్టాన్ని కూడ మరువరాదు. 2016 నవంబరు 8న రద్దయిన 500, 1000 రూపాయల నోట్లను 10కి మించి ఉంచుకొనరాదని 2017నాటి చట్టం నిర్దేశించినది. అధ్యయనానికి, పరిశోధనకు, సేకరణకు అయితే 25 వరకు ఉండవచ్చును. రేపు ధర వస్తుందని కట్టలు దాచేవారికి జరిమానా తప్పదు.

“మీ పాత నోటుకు లక్షలిస్తాము, ముందుగా రుసుము పంపండి” అనే మాయమాటలు ఇప్పుడు చేతిలోని ఫోనుకే వస్తున్నవి. ఇటువంటి వ్యవహారాలతో తనకు సంబంధం లేదనీ, ఎట్టి రుసుమూ కమీషనూ కోరననీ రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటించినది. నిజంగా కొనేవాడు సొమ్ము ఇస్తాడు గాని అడగడు. శ్రోతలు ఈ ఒక్క మాట ఇంటిల్లిపాదికీ చెప్పవలెను.

కనుక బిడ్డల చదువుకో, వైద్యానికో దాచిన సొమ్మును నోట్ల సేకరణలో పెట్టరాదు. తిరిగి రాకపోయినా ఇల్లు గడిచేంత మాత్రమే వేడుకకు వెచ్చించవలెను. ఇంట దొరికిన నోటుకు జిగురు కాగితం అంటించక, తేమ తగలకుండా భద్రపరచి, పెద్దలు దానిని సంపాదించిన వైనం పిల్లలకు చెప్పండి. ధర పెరిగినా తరిగినా ఆ తెలివిడి మీకే మిగులుతుంది.